కంప్యూటర్‌లో మరో కంప్యూటర్

1982లో బ్రిటన్‌లో సింక్లెయిర్ సంస్థ ‘జెడ్‌ఎక్స్ స్పెక్ట్రమ్’ అనే ఇంటి కంప్యూటరును విడుదల చేసింది. దాని ఆటలు మామూలు పాటల క్యాసెట్ల వంటి వాటిలోనే వచ్చేవి. వాటిని నేటి విండోస్ కంప్యూటరు మీద ఆడవచ్చునంటే నమ్ముతారా?

స్పెక్ట్రమ్‌లోని జెడ్80 చిప్‌కు 62 అనే సంఖ్య ఒక ఆజ్ఞ: “తరువాతి సంఖ్యను ‘ఎ’ గడిలో ఉంచు”. నేటి చిప్‌కు ఈ భాష తెలియదు. అందుకే ‘ఎమ్యులేటర్’ అనే ప్రోగ్రాము దుబాసీలా ఒక్కొక్క ఆజ్ఞనూ చదివి, ఆ పని చేయిస్తుంది. నేటి చిప్ వేగం చాలా ఎక్కువ. ఎమ్యులేటర్ మధ్యమధ్య ఆగకపోతే ఆటలో బంతి కంటికే ఆనదు!

అయితే పిల్లలూ, క్యాసెట్ మీది అయస్కాంత పూత కాలక్రమేణా చెడుతుంది. అందులోని ధ్వనిని ముందే ఫైలుగా నకలు తీయాలి. ఆజ్ఞలే చెరిగిపోతే ఏ దుబాసీ మాత్రం ఏం చెప్పగలడు?