అయస్కాంతపు మైనులు - ఓడల రక్షణ

ఇనుపకడ్డీని ఉత్తర దక్షిణములుగా పట్టుకొని సుత్తితో పలుమారు కొట్టినచో, అది బలహీనమైన అయస్కాంతముగా మారును. భూమియే యొక పెద్ద అయస్కాంతమగుట దీనికి కారణము. ఉక్కు ఓడకును ఇట్లే జరుగును. నెలల తరబడి ఒకేచోట నుంచి రివెట్లు బిగించి కొట్టుచు నిర్మించుటచే ఓడ అయస్కాంతమగును. ఈ చిన్న విషయమే రెండవ ప్రపంచయుద్ధపు తొలి నెలలలో బ్రిటిషు ఓడలకు ప్రాణాంతకమయ్యెను.

మైను అనగా నీటిలో నుంచు మందుపాతర. పూర్వపు మైనులు సముద్రపు అడుగున నుంచిన బరువునకు గొలుసుతో కట్టబడి నీటిలో తేలుచుండెడివి. ఓడ తగిలిననే అవి పేలును. గొలుసులను త్రెంచి, పైకి తేలిన మైనులను తుపాకులతో కాల్చి, దారిని శుభ్రము చేసెడివారు. 1939లో జర్మనులు వాడిన క్రొత్త మైను సముద్రపు అడుగుననే పడియుండెను. త్రెంచుటకు గొలుసు లేదు. ఓడ తగులనక్కర లేదు. మీదుగా పోయినంతనే అది పేలును. ఆ సంవత్సరము నవంబరులో థేమ్సు నదీముఖమున ఓడలు వరుసగా మునిగిపోవుటతో లండను రేవు మూతపడునేమోయను భయము కలిగెను.

నవంబరు 22వ తేదీ రాత్రి ఒక జర్మను విమానము జారవిడిచిన మైను షూబరీనెస్ వద్ద బురదలో పడెను. నీరు తీయగనే అది బయటపడెను. నౌకాదళాధికారి జాన్ ఊవ్రీ, బాల్డ్విన్ అను మరియొక నావికుడు మరునాడు దానిని విప్పుటకు పూనుకొనిరి. మైనులో అయస్కాంతపు సూది ఉండవచ్చునని తోచుటచే ఇనుప పనిముట్లు మాని ఇత్తడివి చేయించుకొనిరి. మరి యిద్దరు దూరమున నిలిచి, వారు చేయబోవు పనిని ముందుగనే వ్రాసికొనిరి. వీరు మరణించినను, ఎచ్చట పొరపాటు జరిగెనో తరువాతివారికి తెలియవలెనుగదా! మైను పేలలేదు, దాని రహస్యము వెల్లడియయ్యెను.

లోపల నిలువుగా కదలు ఒక అయస్కాంతపు సూది ఉండెను. ఓడ మీదికి వచ్చినప్పుడు అచ్చటి అయస్కాంత క్షేత్రము మారి సూది వంగును. అంతట విద్యుద్వలయము పూర్తియై మందు పేలును.

రోగము తెలిసిన పిమ్మట మందు దొరకెను. ఓడ చుట్టును తీగచుట్ట వేసి, ఓడ క్షేత్రమునకు ఎదురుగా నుండు క్షేత్రము కలుగునట్లు విద్యుత్తును ప్రవహింపజేసిరి. దీనికి జర్మను గణితవేత్త గాసు పేరిట ‘డీగాసింగ్’ అని చార్లెస్ గుడీవ్ పేరు పెట్టెను. చిన్న ఓడల ప్రక్కలపై బలమైన విద్యుత్ప్రవాహము గల తీగను రాచి, వాని అయస్కాంతత్వమును కొంతకాలమువరకు తగ్గించిరి. 1940లో డంకర్కు నుండి సైనికులను తరలించిన ఓడలలో అనేకము ఇట్లు సిద్ధము చేయబడినవే. అడుగున నున్న మైనులను పేల్చుటకు, జంట ఓడలు తేలు తీగలను ఈడ్చుచు సముద్రజలము ద్వారా ఒకేమారు విద్యుత్తును పంపెడివి.

శత్రువు ఊరకుండలేదు. 1940లో ఓడ యంత్రపు ధ్వనికి పేలు మైనులు వచ్చెను. 1944లో నార్మండీ తీరమున మరియొక రకము కానవచ్చెను. కదలు ఓడ క్రింద నీటి పీడనము తగ్గును. ఆ తగ్గుదలకే అది పేలును. ఓడలను మెల్లగా నడుపుట దీనికి మంచి ఉపాయము. వేగము తగ్గినచో పీడనములో మార్పును తగ్గును.

ఉపాధ్యాయులు తరగతిలో ఈ సూత్రమును సులభముగా చూపవచ్చును. సూది ముందు ఇనుపకడ్డీని జరిపి, సూది తిరుగుటను విద్యార్థులకు చూపవలెను. పిమ్మట కడ్డీకి పూత గల తీగను చుట్టి, ఘటమునుండి విద్యుత్తును పంపి, తీగకొనలను మార్చి, మరల చూడవలెను. ఒక దిశలో సూది ఎక్కువగాను, వేరొక దిశలో తక్కువగాను కదలును. ఇంగ్లండులో భూమి క్షేత్రము సుమారు 67 డిగ్రీల వాలుతో క్రిందికి దిగును. మన ప్రాంతమున ఆ వాలు అందులో సగమునకు మించదు. కావుననే కడ్డీని మనము నిలువుగా గాక, ఉత్తర దక్షిణములుగా పట్టుకొని కొట్టుట మేలు.

పాఠశాలలోని ఈ సూదియే ఒకనాడు ఓడలను ముంచినది. దాని తత్త్వమెరిగిన వారే ఓడలను రక్షించిరి.