గాలి ఇంటి కప్పును ఎలా లేపుతుంది?

2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. గాలి వేగం గంటకు 200 కిలోమీటర్లు మించింది. తెల్లారి చూస్తే గోడలు నిలిచి, కప్పు మాత్రం పోయిన ఇళ్లు గంజాం జిల్లాలో ఎన్నో. గాలి తోసేసిందనుకున్నాం. నిజానికి చాలా కప్పులను పైకి లాగేసింది.

గాలి దేని మీదుగా వీచినా, దాన్ని ఆనుకున్న గాలి ఒరిపిడి వల్ల నెమ్మదిస్తుంది. ఈ నెమ్మది పొరను సరిహద్దు పొర అంటారు. 1904లో జర్మనీ శాస్త్రవేత్త ప్రాంట్ల్ దీన్ని వివరించాడు. తుపానులో ఈ పొర నిండా సుడులే.

ఇప్పుడు మీ ఇంటి కప్పును తలచుకోండి. ఎదురు వాలు ఎక్కే గాలి వేగం పుంజుకుంటుంది. కొప్పు దాకా పీడనం తగ్గుతూ వస్తుంది. పల్లానికి దొర్లే బండిలా గాలికి అది సుఖమే. పొర పలచబడి కప్పును అంటుకునే ఉంటుంది. కొప్పు దాటాక పీడనం మళ్లీ పెరుగుతుంది. అంటే బండికి ఎగువ వచ్చింది. పైనున్న వేగపు గాలి నెట్టుకుపోతుంది గాని, కప్పును ఆనుకున్న గాలికి ఆ ఊపు చాలదు. ఆగుతుంది, వెనక్కి తిరుగుతుంది, పొర కప్పును విడిచి లేస్తుంది. సుడులు పై వేగాన్ని కిందికి పంచుతాయి గనుక పొర మరికొంత దూరం అంటుకోగలదు. గోల్ఫ్ బంతికి గుంటలు పెట్టేది ఈ లాభానికే. కాని పదునైన చూరు, కొప్పు దగ్గర సుడులూ ఆదుకోలేవు. పొర విడిపోయిన చోట పీడనం పడిపోయి రేకు పైకి లాగబడుతుంది.

ఎంత బలంతో? 200 కిలోమీటర్ల గాలి బలం చదరపు మీటరుకు సుమారు 190 కిలోల బరువుతో సమానం. మూలల్లో లాగుడు అంతకు మించవచ్చు. రేకు బరువేమో చదరపు మీటరుకు 20 కిలోలు కూడా ఉండదు! గాలివాటున కిటికీ పగిలిందా, లోపల దూరిన గాలి కిందినుంచి కూడా తోస్తుంది.

కనుక బోల్టులన్నీ ఒకే ఎడంతో వేస్తానంటే ఒప్పుకోకండి. చూరు, మూలలు, కొప్పు దగ్గర ఒత్తుగా వేయించండి. వాసాలను దూలాలకు, దూలాలను స్తంభాలకు బిగించి కట్టించండి. శ్రీకాకుళం తీరపు చుట్టిళ్లు చూశారా? గుండ్రటి గోడ, నేలకు దిగిన చూరు. గాలికి పదునైన మూలే దొరకదు.

మరొక్క మాట. తుపాను కన్ను మీ ఊరి మీదుగా పోతే గాలి కాసేపు ఆగి, ఎదురు దిక్కు నుంచి విరుచుకుపడుతుంది. అంతవరకు చాటున ఉన్న వాలే అప్పుడు గాలికి ఎదురవుతుంది. ఆ నిశ్శబ్దంలో రేకులు సరిచేద్దామని కప్పెక్కకండి.