రెండు పర్మిట్లు, ఒకటే లిస్టు

ఈ ఎపిసోడ్‌లో చెప్పిన బగ్ వింటే అర్థమైనట్టే ఉంటుంది, కానీ టైపు చేసి చూస్తే గానీ పట్టుబడదు. అందుకే రాసి పెడుతున్నాను.

సింగపూర్‌లో 3 మీటర్ల కంటే ఎక్కువ ఎత్తు నుంచి పడే ప్రమాదమున్న పనికి పర్మిట్ టు వర్క్ తప్పనిసరి. ఏ పర్మిట్ కింద ఎవరున్నారో చూసుకోడానికి పైథాన్‌లో చిన్న ప్రోగ్రాం రాసుకున్నాను. ‘పర్మిట్’ అని ఒక క్లాస్. దాని కిందే నేరుగా ‘అంతస్తు’కి సున్నా, ‘పేర్లు’కి ఖాళీ లిస్టు పెట్టాను. ఒకరోజు ఐదో అంతస్తు పర్మిట్ తీస్తే, కింద సామాను మోసే కుర్రాడి పేరు అందులో ఉంది! అతనికి ఎత్తులో పనిచేసే ట్రైనింగ్ లేదు. అప్లై చేసే ముందు చూశాను కాబట్టి సరిపోయింది.

విచిత్రమేంటంటే అంతస్తు నంబర్లు కరెక్టుగానే ఉన్నాయి. పేర్లే కలిసిపోయాయి. ఎందుకు?

క్లాస్ కింద రాసిన లిస్టు ఒక్కసారే తయారవుతుంది. అది సైట్ ఆఫీసు బోర్డు అనుకోండి. ఒక్కో పర్మిట్ ఆబ్జెక్టుకి సొంత జేబు పుస్తకం వేరే ఉంటుంది. ‘సెల్ఫ్ డాట్ పేర్లు’ అంటే పైథాన్ ముందు జేబు పుస్తకంలో వెతుకుతుంది, లేకపోతే బోర్డు దగ్గరికి పోతుంది. అక్కడ దొరికిన లిస్టుకి అపెండ్ చేస్తే బోర్డు మీద రాసినట్టే, అన్ని పర్మిట్లకీ కనిపిస్తుంది. ‘సెల్ఫ్ డాట్ అంతస్తు ఈక్వల్ టు 5’ మాత్రం జేబు పుస్తకంలో కొత్త ఎంట్రీ వేస్తుంది. బోర్డు ముట్టుకోదు.

పట్టుకోడానికి రెండు పరీక్షలు చాలు. ఒకటి, ఆబ్జెక్టు డండర్ డిక్ట్‌ని ప్రింట్ చేయండి. నాకు అందులో అంతస్తు ఉంది, పేర్లు లేవు. రెండు, ఇద్దరి లిస్టుల మధ్య ‘ఈజ్’ పెట్టి అడగండి. ట్రూ వస్తే రెండూ ఒకటే లిస్టు.

మందు ఒక్క లైను: డండర్ ఇనిట్ లోపల ‘సెల్ఫ్ డాట్ పేర్లు’కి కొత్త ఖాళీ లిస్టు ఇవ్వడం. డేటాక్లాస్‌లో అయితే టైపు రాసిన ఫీల్డుకి నేరుగా లిస్టు ఇవ్వగానే వాల్యూఎర్రర్‌తో ఆపేస్తుంది. అక్కడ డిఫాల్ట్ ఫ్యాక్టరీ వాడాలి.

క్లాస్ కింద లిస్టు, డిక్షనరీ, సెట్ నేరుగా కనిపిస్తే ఒక్క నిమిషం ఆగండి. అది నిజంగా అందరిదా, ఒక్కరిదా?

ప్రోగ్రాం బాగుచేశాను. అయినా అప్లై చేసే ముందు పేర్లు పైకి చదివి, మనిషిని చూసి టిక్కు పెట్టడం మాత్రం మానలేదు.