మన చేతులతో సీడీ ప్లేయర్

మీ ఇంటి అలమరలో ఏదో ఒక మూల పాత సీడీలు ఉండే ఉంటాయి. ఒకదాన్ని తీసి, మెరిసే వైపు వెలుతురుకు పట్టి చూడండి. ఇంద్రధనుస్సు రంగులు కనిపిస్తాయి కదా! ఆ పళ్ళెంలో కంటికి కనిపించనంత సన్నని దారి ఒకటి చుట్లు చుట్లుగా సాగుతుంది. చుట్టుకూ చుట్టుకూ మధ్య దూరం 1.6 మైక్రోమీటర్లు మాత్రమే. అంటే ఒక మిల్లీమీటరు వెడల్పులో ఆరువందలకు పైగా చుట్లు ఇమిడి ఉన్నాయి. వెలుతురును రంగులుగా విడదీసేవి ఆ చుట్లే. ఆ దారిని విప్పి సాగదీయగలిగితే 5 కిలోమీటర్లకు మించిన పొడవుంటుంది!

నెదర్లాండ్స్‌కు చెందిన ఫిలిప్స్, జపాన్‌కు చెందిన సోనీ సంస్థలు కలిసి 1980లో ఈ పళ్ళేనికి కొలతలు నిర్ణయించాయి. 1982 అక్టోబరు 1న సోనీవారి సీడీపీ-101 అనే ప్లేయర్ జపాన్‌లో అమ్మకానికి వచ్చింది. ఇప్పుడు మనం పాటలు ఎక్కువగా ఫోనులోనే వింటున్నాం. అయినా సీడీ ప్లేయర్‌ను విడిభాగాలుగా అమ్మే కిట్లు దొరుకుతూనే ఉన్నాయి. మా పాఠశాల సైన్సు క్లబ్బులో అటువంటి కిట్టు ఒకటి కట్టాం. కాంతి, యంత్రం, విద్యుత్తు, లెక్కలు ఈ నాలుగూ ఒకే బల్లమీద కనిపించే వస్తువు ఇంతకన్నా మంచిది మరొకటి నాకు తెలియదు.

అయితే కిట్టు కట్టినవారికి వెంటనే ఒక కోరిక పుడుతుంది. "ఇందులో ఏదైనా మార్చి పాటను ఇంకా బాగా పలికిస్తే?" అని. మంచి కోరికే. కాని ఎక్కడ మార్చితే ఫలితం ఉంటుందో, ఎక్కడ ఉండదో తెలియాలంటే ముందు లోపల ఏం జరుగుతుందో తెలుసుకోవాలి.

పాట అంకెలుగా ఎలా మారింది?

ధ్వని ఒక తరంగం. గ్రాఫు కాగితం మీద వక్రరేఖ గీసేటప్పుడు మీరు కొన్ని బిందువులు గుర్తిస్తారు కదా! సీడీ తయారుచేసేవారు కూడా అంతే చేస్తారు. తరంగం ఎత్తును సెకనుకు 44,100 సార్లు కొలుస్తారు. ప్రతి కొలతనూ 0, 1 అనే రెండు అంకెలతోనే, 16 స్థానాల్లో రాస్తారు. 16 స్థానాలతో 65,536 వేర్వేరు ఎత్తులను సూచించవచ్చు. ఎడమ, కుడి ఛానెళ్ళు రెండూ కలిపి సెకనుకు 44,100 × 16 × 2 = 14,11,200 అంకెలు అవుతాయి. మనిషి చెవి సుమారు 20,000 హెర్ట్జ్ వరకే వింటుంది. ఆ పౌనఃపున్యానికి రెండింతలకన్నా కొంచెం ఎక్కువ సార్లు కొలిస్తే తరంగాన్ని తిరిగి పూర్తిగా పొందవచ్చు. 44,100 అనే సంఖ్య అందుకు సరిపోతుంది.

కాంతి చదివే పుస్తకం

సీడీ మందం 1.2 మిల్లీమీటర్లు. అందులో ఎక్కువ భాగం పాలీకార్బొనేట్ అనే పారదర్శకమైన ప్లాస్టిక్కు. దాని పైవైపున సన్నని గుంటలు వరుసగా అచ్చువేసి ఉంటాయి. వాటి మీద పలుచని అల్యూమినియం పూత, దాని మీద లక్క, ఆపైన పేరు అచ్చు.

ప్లేయర్‌లోని లేజర్ కిందినుంచి ప్లాస్టిక్కు గుండా చూస్తుంది. అటునుంచి ఈ గుంటలు బొడిపెల్లా ఉంటాయి. వాటి ఎత్తు ప్లాస్టిక్కులో ఆ కాంతి తరంగదైర్ఘ్యంలో సుమారు నాలుగో వంతు. బొడిపె మీద పడి తిరిగివచ్చే కాంతి, పక్కనున్న చదును మీద పడి తిరిగివచ్చే కాంతికన్నా రానూపోనూ కలిపి సగం తరంగదైర్ఘ్యం తక్కువ దూరం ప్రయాణిస్తుంది. అందుచేత ఒకదాని శృంగం మరొకదాని ద్రోణిమీద పడి, రెండూ ఒకదాన్నొకటి తగ్గించుకుంటాయి. ఇదే మీరు చదివే వ్యతికరణం. చదును దగ్గర కాంతి బాగా తిరిగి వస్తుంది, బొడిపె దగ్గర మందగిస్తుంది. ఈ మార్పు కలిగిన ప్రతిచోటా 1, మార్పు లేనంతసేపూ 0 అని ప్లేయర్ లెక్కవేస్తుంది.

తిరిగే పళ్ళెం పైకీ కిందికీ ఊగుతూ ఉంటుంది. అయినా కాంతి బిందువు దారి తప్పకూడదు. అందుకే కటకాన్ని చిన్న తీగచుట్టల మధ్య వేలాడదీసి, క్షణక్షణమూ సర్దుతూ ఉంటారు. కిట్టులో ఈ పనిచేసే బోర్డును సర్వో బోర్డు అంటారు.

గీత పడినా పాట ఎందుకు ఆగదు?

పళ్ళెం అడుగున గీత పడినా చాలాసార్లు పాట ఆగదు. దీనికి రెండు కారణాలు. మొదటిది, పళ్ళెం ఉపరితలం దగ్గర లేజర్ కిరణం ఇంకా ముక్కాలు మిల్లీమీటరు వెడల్పుగా ఉంటుంది. లోపలి పూత చేరేసరికే అది సన్నని బిందువవుతుంది. కాబట్టి అడుగున ఉన్న ధూళి దానికి మసకగానే కనిపిస్తుంది. రెండో కారణం లెక్కల్లో ఉంది. ఒక చిన్న ఆట చూడండి.

మూడు గుంపుల అంకెలు తీసుకుని, ప్రతి గుంపు చివర మొత్తం రాద్దాం.

4, 7, 2 (మొత్తం 13)
5, 1, 6 (మొత్తం 12)
3, 8, 9 (మొత్తం 20)

వీటిని అడ్డంగా కాక నిలువుగా చదువుతూ ఒకే వరుసలో రాస్తే 4, 5, 3, 7, 1, 8, 2, 6, 9, 13, 12, 20 అవుతుంది. ఇప్పుడు 7, 1, 8 మీద గీత పడి చెరిగిపోయాయి అనుకుందాం. భయం లేదు. ఒక్కొక్క గుంపులో ఒక్కొక్క అంకె మాత్రమే పోయింది. 13 నుంచి 4, 2 తీసివేస్తే 7. 12 నుంచి 5, 6 తీసివేస్తే 1. 20 నుంచి 3, 9 తీసివేస్తే 8. మూడూ దొరికాయి! అడ్డంగానే రాసి ఉంటే ఒక గుంపులో మూడూ పోయి, తిరిగి దొరికేవి కావు.

సీడీలో జరిగేది ఇటువంటిదే, ఇంతకన్నా చాలా శక్తిమంతమైనది. ఇర్వింగ్ రీడ్, గుస్తావ్ సాలమన్ అనే ఇద్దరు అమెరికా గణితజ్ఞులు 1960లో ప్రకటించిన పద్ధతి దానికి ఆధారం. దారి పొడవునా సుమారు 2.5 మిల్లీమీటర్ల మేర అంకెలు పోయినా ప్లేయర్ వాటిని తిరిగి కట్టగలదు.

సీడీని గుండ్రంగా తుడవవద్దని ఎందుకంటారో ఇప్పుడు మీరే చెప్పగలరు. గుండ్రంగా పడిన గీత దారి వెంటే సాగి, వరుసగా వేల అంకెలను చెరుపుతుంది. మధ్యనుంచి అంచుకు తుడిస్తే, గీత పడినా అది దారిని అడ్డంగా దాటిపోతుంది.

కిట్టు కట్టడం

కిట్టులో ముఖ్యమైనవి ఐదు: లేజర్, మోటార్లు ఉన్న యంత్రభాగం, సర్వో బోర్డు, మీటలూ తెరా ఉన్న బోర్డు, అంకెలను తిరిగి విద్యుత్ తరంగంగా మార్చే డాక్ బోర్డు, ట్రాన్స్‌ఫార్మర్‌తో కూడిన విద్యుత్ సరఫరా.

మేము అన్నీ బిగించి, పళ్ళెం పెట్టి మీట నొక్కాం. తెరమీద "డిస్కు లేదు" అని వచ్చింది! విప్పి మళ్ళీ బిగించాం. మళ్ళీ అదే. రెండు రోజులు తిప్పలు పడ్డాక కారణం తెలిసింది. లేజర్ డయోడు చాలా సున్నితమైనది. మన చేతిలోని స్థిర విద్యుత్తుకే అది పాడవుతుంది. అందుకని కొత్త లేజర్ భాగం మీద రెండు బిందువులను చిన్న సీసపు చుక్కతో కలిపి పంపుతారు. కేబులు తగిలించాక ఆ చుక్కను సోల్డరింగ్ ఐరన్‌తో తీసివేయాలి. మేము తీయలేదు. తీయగానే పాట పలికింది. కాగితంలో రాసి ఉన్న సూచనను చదవకుండా తొందరపడింది నేనే.

రెండు జాగ్రత్తలు తప్పనిసరి. ఆ లేజర్ కాంతి తరంగదైర్ఘ్యం 780 నానోమీటర్లు, అంటే పరారుణ కాంతి. అది కంటికి దాదాపు కనబడదు. కనబడదు కాబట్టి రెప్ప తనంతట తాను మూసుకోదు, కన్ను దెబ్బతినవచ్చు. కటకంలోకి ఎప్పుడూ తొంగి చూడకండి. మూత తీస్తే లేజర్‌ను ఆపే మీట ఒకటి ఉంటుంది. దాన్ని ఎప్పుడూ పనిచేయకుండా చేయవద్దు. రెండోది, 230 వోల్టుల వైపు పని పెద్దలు చేయాలి. మీరు ట్రాన్స్‌ఫార్మర్ ఇవతలి వైపు మాత్రమే చేయండి.

ఎక్కడ మార్చవచ్చు?

పళ్ళెం నుంచి వచ్చిన అంకెలు ముందు ఒక చిన్న జ్ఞాపక చిప్పులో చేరతాయి. డాబామీది నీళ్ళ ట్యాంకులోకి మోటారు హెచ్చుతగ్గులుగా నీళ్ళు పోసినా, కింద కుళాయి ధార ఒకేలా వస్తుంది కదా! అలాగే పళ్ళెం వేగంలో చిన్న తేడాలున్నా, ఒక క్వార్ట్జ్ స్ఫటికం వేసే తాళానికి అనుగుణంగా అంకెలు డాక్‌కు వెళతాయి. అందువల్ల యంత్రభాగంలో ఎంత ఖరీదైన మార్పు చేసినా రాగం తియ్యబడదు. అంకె సరిగా వస్తే వచ్చినట్టే. అక్కడ చేయవలసినవి కటకాన్ని శుభ్రంగా ఉంచడం, పెట్టెను సమతలం మీద పెట్టడం, అంతే.

విద్యుత్ సరఫరాలో మార్పుకు అర్థం ఉంది. పాటలేనప్పుడు కూడా "గుయ్"మని మోత వినబడితే ట్రాన్స్‌ఫార్మర్‌ను డాక్ బోర్డుకు దూరంగా జరిపి చూడండి. భూమి తీగలన్నీ ఒకే బిందువు దగ్గర కలపండి.

డాక్ తరువాతి భాగంలో మార్పు చెవికి తెలియవచ్చు. ఎందుకంటే అక్కడ ఉన్నవి అంకెలు కావు, నిజమైన తరంగం. మా కిట్టులో డాక్‌కూ యాంప్లిఫయర్‌కూ మధ్య ప్రతి ఛానెల్‌కు ఒక 10 మైక్రోఫారడ్ల కెపాసిటర్ ఉంది. యాంప్లిఫయర్ నిరోధం 10,000 ఓములు. ఈ రెండింటి లబ్ధాన్ని 2π తో గుణించి, 1ని దానితో భాగిస్తే ఏ పౌనఃపున్యం కింద ధ్వని తగ్గిపోతుందో తెలుస్తుంది. జవాబు సుమారు 1.6 హెర్ట్జ్. అంత తక్కువ ధ్వని మనకు వినబడనే వినబడదు. అంటే ఏ స్వరమూ పోవడంలేదు.

నా చెవి చెప్పిన అబద్ధం

ఒక ఆదివారం నేను ఆ 10 మైక్రోఫారడ్ల కెపాసిటర్లు తీసి, అదే విలువ ఉన్న ఖరీదైనవి పెట్టాను. వీణ ఎంతో తియ్యగా మారిందనిపించింది. మర్నాడు పిల్లలకు చెప్పాను. తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె లేచి, "సార్, ఏది ఏదో తెలియకుండా విని చెప్పగలరా?" అంది.

సరే, పరీక్ష పెట్టుకున్నాం. కుడి ఛానెల్‌లో పాత కెపాసిటర్ తిరిగి పెట్టాం, ఎడమలో కొత్తది ఉంచాం. రెండు ఛానెళ్ళలోనూ ఒకే ధ్వని ఉన్న పాత పాటల సీడీ తీసుకున్నాం. ఒకే స్పీకరు, ఎడమనో కుడినో దానికి కలిపే ఒక స్విచ్చి. ఏమాత్రం గట్టిగా పలికినది చెవికి బాగున్నట్టు తోస్తుంది. కనుక రెండు వైపుల వోల్టేజీ సమానంగా ఉందో లేదో మల్టీమీటరుతో ముందే చూశాం. నేను వీపు తిప్పి కూర్చున్నాను. ఆ అమ్మాయి నాణెం ఎగరేసి, బొమ్మ పడితే ఎడమ, బొరుసు పడితే కుడి పెట్టింది. పదిసార్లు విన్నాను. సరిగా చెప్పినవి ఐదు! గుడ్డిగా ఊహించినా సగటున అన్నే వస్తాయి.

తరువాత నాకు చెప్పకుండా పిల్లలు ఎడమవైపు 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెట్టారు. అది రూపాయిల్లో చవక, విలువలో నూరో వంతు. ఈసారి పదికి పదీ చెప్పాను. 160 హెర్ట్జ్ కింద ధ్వని సన్నగిల్లి, మృదంగం తొప్పివైపు బరువైన నాదం దాదాపు మాయమైంది. సూత్రం ముందే చెప్పింది కదా!

విలువ మారితే ధ్వని మారింది. ధర మారితే మారలేదు. ఊహించి పదిలో తొమ్మిదిగాని పదిగాని సరిగా చెప్పే అవకాశం 1,024లో 11 మాత్రమే. కాబట్టి మీరు తొమ్మిదికి పైగా సరిగా చెప్పగలిగితే మీ మార్పు నిజమైనదని నమ్మవచ్చు. లేకపోతే ఆ తీయదనం మీరు పెట్టిన డబ్బులోదో, పడిన శ్రమలోదో కావచ్చు.

ఆ రోజు నేను కొంచెం సిగ్గుపడ్డ మాట నిజమే. కాని ఆ అమ్మాయి అడిగిన ప్రశ్న మా ప్రయోగశాలలోని అన్ని పరికరాలకన్నా విలువైనది. ఏ వస్తువునైనా మార్చండి, మెరుగుపరచండి. తరువాత ఆ ప్రశ్న మిమ్మల్ని మీరే అడగండి.

ఆలోచించండి

సీడీ దారి ఎప్పుడూ సెకనుకు ఒకే వేగంతో లేజర్ ముందునుంచి సాగాలి. ఆ వేగం 1.25 మీటర్లు అనుకుందాం. వ్యాసార్థం లోపలి చుట్టు దగ్గర 25 మిల్లీమీటర్లు, బయటి చుట్టు దగ్గర 58 మిల్లీమీటర్లు. పళ్ళెం నిమిషానికి ఎన్ని చుట్లు తిరగాలి?

(జవాబు: లోపల సుమారు 477, బయట సుమారు 206. పాట లోపలినుంచి మొదలై బయటికి సాగేకొద్దీ పళ్ళెం మెల్లగా తిరుగుతుంది.)