కంపోస్టు మరుగుదొడ్డిలో తేమను పీల్చే పదార్థాల ఎంపిక: వరి ఊక, బూడిద, గడ్డి

మిల్లుకు చేరిన ప్రతి క్వింటాలు ధాన్యం నుండి సుమారు 20 కిలోల ఊక వెలువడుతుంది. మిర్యాలగూడ, కోదాడ, సూర్యాపేట ప్రాంతాలలో ఊకకు కొరత లేదు. ఉప్పుడు బియ్యం మిల్లుల బాయిలర్ల నుండి వచ్చే నల్లని బూడిదకు అసలే కొరత లేదు. నీటి వసతి లేని పొలాల వద్దనో, నాగార్జునసాగర్ జలాశయంలో తిరిగే లాంచీలలోనో కంపోస్టు మరుగుదొడ్డి ఏర్పాటు చేయదలచినవారికి మొదట స్ఫురించేవి ఈ రెండే. అయితే ఊక తేమను పీల్చే పదార్థం కాదు. బూడిద కంపోస్టును తయారుచేసే పదార్థం కాదు. విస్తరణ సిబ్బంది ఈ భేదాన్ని గుర్తించకుండా సిఫారసు చేస్తే దుర్వాసన, ఈగలు, ఊట తప్పవు.

పదార్థం కంటే ముందు తేమ లెక్క చూడవలసి ఉంటుంది. ఒక వ్యక్తి రోజుకు విసర్జించే మలం 250 గ్రాములు, అందులో నీరు 75 శాతం అనుకుందాం. కంపోస్టు చక్కగా సాగడానికి తేమ 50 నుండి 60 శాతం మధ్య ఉండాలి. 10 శాతం తేమ గల ఊకతో దీనిని 55 శాతానికి తేవడానికి 110 గ్రాముల ఊక, అంటే దాదాపు ఒక లీటరు చాలు. అదే తొట్టిలో 1.2 లీటర్ల మూత్రం కూడా కలిస్తే సుమారు 1,180 గ్రాములు, అంటే 12 లీటర్ల ఊక కావాలి. నలుగురు మూడు రోజులు లాంచీలో గడిపితే మొదటి పద్ధతిలో ఒక బకెట్టు ఊక సరిపోతుంది. రెండవ పద్ధతిలో 144 లీటర్లు మోయవలసి వస్తుంది. కనుక మూత్రాన్ని వేరుగా మళ్లించే పీఠాన్ని అమర్చుకున్న తరువాతనే ఏ పదార్థం వాడాలన్న ప్రశ్నకు అర్థం ఉంటుంది. కడుగునీటికి కూడా ఇదే వర్తిస్తుంది. నీటితో కడుగుకొనే అలవాటున్న మన ప్రాంతంలో ఆ నీటికి వేరు మార్గం చూపని నమూనా ఏదైనా కొద్ది వారాలకే విఫలమవుతుంది.

పై లెక్క సగటు తేమకు సంబంధించినది మాత్రమే. తొట్టిలో నీరు ఎక్కడ నిలుస్తుందన్నది వేరే విషయం. ఊక బరువులో 15 నుండి 20 శాతం సిలికా ఉంటుంది. దాని నునుపైన పైపొర నీటిని లోనికి రానీయదు. నీరు గింజల మధ్యనుండి జారి అడుగున చేరుతుంది. ఊక చేసే మేలు గాలి ఆడనివ్వడం. ముద్ద కట్టే పదార్థంలో ఖాళీలను నిలిపి, ప్రాణవాయువు అందేటట్లు చేస్తుంది. నీటిని పట్టి ఉంచడానికి మరొకటి కావాలి. కొబ్బరి పొట్టు తన పొడి బరువుకు ఐదు నుండి ఎనిమిది రెట్ల నీటిని ఇముడ్చుకుంటుంది. అది బయటినుండి కొనవలసినదే అయినా, అడుగున నాలుగు అంగుళాల పొరగా వేస్తే చాలు. అంత ఖర్చు వద్దనుకుంటే, కోతల తరువాత పొలాల్లో తగులబెడుతున్న వరిగడ్డినే అంగుళం ముక్కలుగా నరికి వాడవచ్చు. అది రెండు మూడు రెట్ల నీటిని పీలుస్తుంది, ఊక కంటే త్వరగా కుళ్లుతుంది. రంపపు పొట్టు మంచిదే గాని ప్లైవుడ్ జిగురు కలిసినది పనికిరాదు. తవుడు వాడకూడదు, ఎలుకలను, ఈగలను ఆహ్వానించినట్లవుతుంది.

ఏ పదార్థాన్నైనా పరీక్షించడం సులభం. ఒక కిలో పొడి పదార్థాన్ని గుడ్డలో మూటగట్టి రాత్రంతా నానబెట్టి, అరగంట వేలాడదీసి, తడిసిన గుడ్డ బరువును మినహాయించి తూచితే అది పట్టి ఉంచే నీరెంతో తెలుస్తుంది.

బూడిద విషయంలో మరింత జాగ్రత్త అవసరం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006 మార్గదర్శకాల ప్రకారం, క్షారగుణంతో శుద్ధి చేసే పద్ధతిలో ఉదజని సూచిక 9 దాటి, ఉష్ణోగ్రత 35 డిగ్రీలకు మించి, తేమ 25 శాతానికి లోబడి ఆరు నెలలకు పైగా నిల్వ ఉండాలి. అంత తక్కువ తేమలో కంపోస్టు జరగదు. అంటే ఇవి రెండు వేర్వేరు పద్ధతులు: ఒకటి ఎండబెట్టి క్రిములను చంపడం, రెండవది కుళ్లబెట్టడం. గడ్డితో పాటు బూడిదను గుప్పిళ్లకొద్దీ చల్లితే సూక్ష్మజీవుల పని కుంటుపడుతుంది, నత్రజని అమ్మోనియాగా ఎగిరిపోతుంది. పైగా ఊక బూడిదలో కట్టెల బూడిదకున్నంత క్షారగుణం ఉండదు. ఎండబెట్టే పద్ధతినే ఎంచుకున్నవారు దానికి పొడి సున్నం కలిపి, ఉదజని సూచికను కొలిచి చూడాలి. ఊక బూడిద ధూళి ఊపిరితిత్తులకు హానికరం. లాంచీపై గాలికి ఎగిరే బూడిదను వాడకపోవడమే మేలు.

చిన్న తొట్టిలో వేడి నిలవదు గనుక 55 డిగ్రీలు చేరి ఏలికపాముల గుడ్లు నశిస్తాయని ఆశించరాదు. మన వాతావరణంలో ఏ చికిత్సా లేకుండా నిల్వ చేస్తే ఏడాదికి పైగా ఆగాలని అవే మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఈ గడువు ఎరువు నాణ్యతకు మాత్రమే సంబంధించినది కాదు. పూర్తిగా కుళ్లని మలాన్ని మనుషుల చేత ఎత్తించడం 2013 నాటి చట్టం నిషేధించిన పని. తొట్టిని ఎవరు, ఎప్పుడు ఖాళీ చేస్తారన్నది నిర్ణయించకుండా మరుగుదొడ్డి కట్టించడం ఆ పనిని మళ్లీ ఒకరి నెత్తిన పెట్టడమే. ఇంటి వద్ద రెండు గదులు కట్టి వంతులవారీగా వాడాలి. లాంచీలో మూత బిగించిన పీపాలను మార్చుకుంటూ ఒడ్డుకు చేర్చి, తేదీ రాసి నిల్వ చేయాలి. సాగర్ జలాలు హైదరాబాదుకూ, ఫ్లోరైడ్ పీడిత నల్లగొండ పల్లెలకూ తాగునీరు గనుక పీపాలోనిది నీటిలో పారబోయడానికి వీల్లేదు.

నిల్వ గడువు ముగిసిన ఎరువులో ఊక చెక్కుచెదరకుండా కనిపిస్తుంది. దానిని చూసి ఎరువు మాగలేదని తీర్మానించనవసరం లేదు. వాసన, రంగు, నిల్వ చేసిన తేదీ చూడాలి. పచ్చిగా తినే కూరగాయలకు ఈ ఎరువు వాడరాదు. వట్టి కాళ్లతో దిగి నాట్లు వేసే వరి మడికంటే బత్తాయి తోట అనువైనది: చెట్టు పాదులో జానెడు లోతున వేసి మట్టితో కప్పాలి.