ఎండకు కరగని రంగుల జెల్లీ

పుట్టినరోజు వేడుకల్లోనూ పెళ్లి దావతుల్లోనూ పిల్లల చూపును ముందుగా లాగే రంగుల జెల్లీకి గట్టిదనాన్నిచ్చే పదార్థాలు ప్రధానంగా రెండు. పశువుల చర్మంలో, ఎముకల్లో ఉండే కొల్లాజెన్ అనే ప్రొటీన్ నుంచి తీసేది జెలటిన్ కాగా, సముద్రపు నాచు నుంచి తీసేది అగార్. కిరాణా దుకాణాల్లో తెల్లని పోగులుగా దొరికే చైనా గ్రాస్ ఇదే. 1897లో అమెరికాలో పుట్టిన జెల్-ఓ పొడితో ఇంటింటికీ చేరిన జెలటిన్ జెల్లీ, సుమారు 30 డిగ్రీల వేడికే కరగడం మొదలుపెడుతుంది కనుక, మే నెలలో ఎండ 45 డిగ్రీలను తాకే రామగుండం, ఆదిలాబాద్ వంటి చోట్ల ఫ్రిజ్‌లోంచి తీసిన కొద్దిసేపటికే నీరవుతుంది. ఒకసారి గడ్డకట్టిన చైనా గ్రాస్ మాత్రం దాదాపు 85 డిగ్రీల వరకు చెక్కుచెదరదు. ఉత్తర తెలంగాణ వేసవి విందుకు తగినది నిస్సందేహంగా అదే.

ఆదిలాబాద్ అడవుల్లో గిరిజనులు సేకరించే తపసి బంక కూడా నీటిని పీల్చి ఎన్నో రెట్లు ఉబ్బుతుంది గానీ, అది మెత్తని ముద్దగానే మిగిలిపోయి కత్తికి తెగే గడ్డగా మారదు కనుక జెల్లీకి అక్కరకు రాదు.

పది గ్రాముల చైనా గ్రాస్ సుమారు లీటరు ద్రవానికి సరిపోతుంది. పోగులను అరగంట నానబెట్టి, ఒక్క పోగూ కనిపించకుండా పోయేవరకు నీళ్లలో మరిగించి, ఆ తర్వాత పాలో పండ్ల రసమో కలపాలి. అగార్ 40 డిగ్రీల లోపు చల్లారితే గడ్డకడుతుంది కనుక, చల్లని పాలు పోస్తే వెంటనే ఉండలు కడుతుంది. రంగురంగుల పొరలు కావాలంటే అసలు నేర్పంతా సమయంలోనే ఉంది: కింది పొర పైభాగం గడ్డకట్టినా వేలికి ఇంకా కాస్త అంటుకుంటున్నప్పుడే వేడిగా ఉన్న రెండవ పొరను గరిటెతో మెల్లగా పోయాలి, పూర్తిగా బిగిసిపోయాక పోస్తే కోసేటప్పుడు పొరలు విడిపోయి జారుతాయి. పచ్చి అనాస, బొప్పాయిల్లోని ఎంజైములు, అంటే ప్రొటీన్‌ను విడగొట్టే పదార్థాలు, జెలటిన్‌ను గడ్డకట్టనివ్వవు. అగార్ ప్రొటీన్ కాదు కనుక దానికి ఆ బెడద లేదు. అయితే పులుపుతో కలిపి మరిగిస్తే దాని బిగువు సడలుతుంది కాబట్టి, నిమ్మరసాన్ని పొయ్యి మీంచి దించాకే పిండాలి.

రంగులకు సీసాలు వెతకనక్కరలేదు. జగిత్యాల మామిడి గుజ్జు పసుపునూ, బీట్‌రూట్ ఎరుపునూ, తీగబచ్చలి పండ్లు ఊదానూ ఇస్తాయి. నీలిరంగు శంఖుపూల కషాయంలో నిమ్మరసం పడితే అది కళ్లెదుటే ఊదాగా మారడం పిల్లలకు వేడుక.

బజారు పొడి వాడదలచినవారు పొట్లం మీద శాకాహారాన్ని సూచించే ఆకుపచ్చ గుర్తు ఉన్నదీ లేనిదీ చూడాలి. శాకాహారులకే కాక, జంతువును బట్టి మాంసాన్ని తిననివారికి కూడా జెలటిన్ అభ్యంతరమే కనుక, విందు ఇచ్చేవారు జెల్లీని దేనితో చేశారో వడ్డించే ముందే అతిథులకు చెప్పాలి.