చిటికెడు నుంచి కిలో దాకా: మన కారం, మన కొలతలు

మన తెలుగులో 'ఎడు' అనే చిన్న ప్రత్యయం ఒకటి ఉంది. దాన్ని దేనికి తగిలిస్తే అది కొలత అయిపోతుంది. చిటికెడు ఉప్పు, పిడికెడు పప్పు, చారెడు నూకలు, దోసెడు బియ్యం, గరిటెడు నూనె, గంపెడు మట్టి. పొడవుకైతే బెత్తెడు, జానెడు, మూరెడు, బారెడు. మనిషి చేయి, ఇంట్లో ఉన్న గిన్నె, ఇవే మనవాళ్ళ మొదటి కొలపాత్రలు. ఈ కొలతలతోనే మన అమ్మలు ఇన్నేళ్ళుగా వండిపెడుతున్నారు.

మరి ఇంట్లో కుదిరిన కారం హాస్టల్లో ఎందుకు కుదరదు? భోజనాల దగ్గర ఒక వరుసలో "కారం మండిపోతోంది" అంటారు. పక్క వరుసలో అదే కూరను "చప్పగా ఉంది" అంటారు. ఇందులో వంటమనిషి తప్పెంత, మిరపకాయ తప్పెంత, మన నాలుక తప్పెంత అన్నది కొలతల సంగతి తెలిస్తేనే తేలుతుంది. అందుకే ఈ వ్యాసం.

పాత కొలతలు

గింజలను పాత్రలతో కొలిచేవారు. నాలుగు గిద్దలు ఒక సోల. రెండు సోలలు ఒక తవ్వ. రెండు తవ్వలు ఒక మానిక. నాలుగు మానికలు ఒక కుంచం. తూకానికి తులం, శేరు, వీశె. తులం అంటే 11.66 గ్రాములు. 80 తులాల శేరు సుమారు 933 గ్రాములు, 120 తులాల వీశె దాదాపు 1,400 గ్రాములు. కోస్తాలో వీశె, తెలంగాణలో శేరు ఎక్కువగా వినిపించేవి.

కొలిచేటప్పుడు ఆచారాలు కూడా ఉండేవి. మొదటి కుంచాన్ని "ఒకటి" అనకుండా "లాభం" అని లెక్క మొదలుపెట్టేవారు. ఏడు దగ్గరికి వస్తే "ఆరున్నొక్కటి" అనేవారు. ఏడు అంటే ఏడవమన్నట్టు వినిపిస్తుంది కదా, అందుకని.

స్వాతంత్ర్యం వచ్చాక 1956లో పార్లమెంటు తూనికలు, కొలతల ప్రమాణాల చట్టం చేసింది. 1958 అక్టోబరు నుంచి కిలోలు, గ్రాములు దశలవారీగా అమలులోకి వచ్చాయి. ఇప్పుడు అమలులో ఉన్నది 2009 నాటి లీగల్ మెట్రాలజీ చట్టం.

కొలిచే చేయి ఎవరిది?

పాత కొలతల గురించి ముచ్చటగా చెప్పుకోవడం తేలిక. కానీ మనలో చాలామంది కూలినాలి చేసుకునే ఇళ్ళ నుంచి వచ్చినవాళ్ళం. మన తాతలకు, అవ్వలకు కూలి గింజల రూపంలో ముట్టేది. ఆ గింజలు కొలిచే మానిక ఆసామిది, కొలిచే చేయీ ఆసామిదే. మానికను గోపురంలా నింపి పోయవచ్చు, అంచు దగ్గర చేత్తో కోసి పోయవచ్చు. రెండూ మానికే. ఆ తేడా పిల్లల గంజిలో తెలిసేది. "తీసుకునేటప్పుడు ఒక కుంచం, ఇచ్చేటప్పుడు ఒక కుంచం" అని మన పెద్దలు ఇప్పటికీ చెబుతుంటారు. పేరు ఒకటే అయినా ఊరికీ ఊరికీ కుంచం మారేది గనుక అడగడానికి ఆధారం ఉండేది కాదు.

గ్రాము అలా కాదు. అది పెద్దింట్లోనూ, పేటలోనూ ఒకటే. కాబట్టి కిలో రాయిని కేవలం వ్యాపారపు సాధనంగా చూడకూడదు. పేదవాడు "ఇంత రావాలి, ఇంతే వచ్చింది" అని ధైర్యంగా అడగగలిగేది దానివల్లనే.

కారానికి కొలబద్ద

మిరప మన దేశంలో పుట్టిన పంట కాదు. అమెరికా ఖండాల నుంచి పోర్చుగీసువారి ద్వారా 16వ శతాబ్దంలో ఇక్కడికి వచ్చింది. అంతకు ముందు మన వంటల్లో ఘాటుకు మిరియాలే ఆధారం. కారానికి కారణమైన పదార్థం పేరు కాప్సైసిన్. అది ఎక్కువగా గింజల్లో ఉంటుందని అందరూ అనుకుంటారు గానీ, నిజానికి గింజలు అంటుకుని ఉండే తెల్లటి పొరలో ఉంటుంది.

1912లో విల్బర్ స్కోవిల్ అనే అమెరికన్ ఔషధ శాస్త్రజ్ఞుడు కారాన్ని కొలిచే పద్ధతి కనిపెట్టాడు. మిరప సారాన్ని పంచదార నీళ్ళలో కలిపి, రుచి చూసేవాళ్ళకు కారం తెలియనంత వరకు పలుచన చేస్తూ పోయాడు. ఎన్ని రెట్లు పలుచన చేయాలో అదే ఆ కాయ కారం. ఆ లెక్కన కూరల్లో వేసే బెంగళూరు మిర్చి సున్నా. గుంటూరు సన్నాలు సుమారు 35,000 నుంచి 40,000. తేజ రకం అంతకంటే బాగా ఎక్కువ. కర్ణాటక బ్యాడిగి కాయకు, మన వరంగల్ చపాటా కాయకు రంగు ఎక్కువ, కారం తక్కువ. పొలం, వాన, ఎండను బట్టి ఒకే రకంలో కూడా కారం మారుతుంది.

ఇక్కడే అసలు చిక్కు. చెంచా ఒకటే అయినా అందులో ఉన్న పొడి సన్నాలదా, తేజదా, చపాటాదా అన్నదాన్ని బట్టి కూర మారిపోతుంది. పోయిన నెల బస్తాకు సరిపోయిన కొలత ఈ నెల బస్తాకు సరిపోకపోవచ్చు.

ఇక నాలుక సంగతి. కారం నిజానికి రుచి కాదు, మంట. వేడి తగిలినప్పుడు మేలుకునే నరాల గ్రాహకాన్నే కాప్సైసిన్ కూడా తట్టి లేపుతుంది. 1997లో ఈ గ్రాహకాన్ని గుర్తించిన డేవిడ్ జూలియస్‌కు 2021లో నోబెల్ బహుమతి (మరొకరితో కలిపి) వచ్చింది. రోజూ కారం తినేవారికి ఆ మంట క్రమంగా అలవాటవుతుంది. కాప్సైసిన్ నీటిలో సరిగా కరగదు. అందుకే మంటకు ఎన్ని నీళ్ళు తాగినా లాభం ఉండదు. పెరుగు, పాలు, మజ్జిగ తీసుకుంటే తగ్గుతుంది.

ఇంటింటికో కారం

కారం వాడే తీరు కూడా ప్రాంతానికొకటి. తెలంగాణలో జొన్నరొట్టెలోకి ఎల్లిపాయకారం, అన్నంలోకి పచ్చిపులుసు. రాయలసీమలో ఎండుమిర్చి, ఉల్లిపాయ నూరిన ఎర్రకారం, సంగటిలోకి ఊరుమిండి. గుంటూరు వైపు వేడి అన్నంలో గొడ్డుకారం, నూనె. మజ్జిగలో నానబెట్టి ఎండబెట్టిన చల్లమిరపకాయలు దాదాపు అన్నిచోట్లా ఉన్నాయి.

ఒక్కొక్కరిది ఒక్కో పద్ధతి. కొందరు తాలింపులోనే కారం వేస్తారు. నూనె రంగును, ఘాటును లాగేసుకుని కూరంతా పట్టిస్తుంది. మాడితే మాత్రం చేదు, దగ్గు. కొందరు కూర ఉడికాక చివర చల్లుతారు. కొందరు పొడి జోలికి పోకుండా పచ్చిమిర్చి నూరి వేస్తారు. "ఉప్పు ఎంతో, దానికి రెట్టింపు కారం" అని కొందరి లెక్క.

ఆవకాయలో ఇంకో తెలివి ఉంది. ఆవపిండి, కారం, ఉప్పు సమానంగా అంటారు. గిద్దతో కొలిచినా, గ్లాసుతో కొలిచినా ఫరవాలేదు, మూడింటికీ పాత్ర ఒకటే కావాలి. ఇది నిష్పత్తి కొలత. ఒక్క జాగ్రత్త. రాళ్ళ ఉప్పుకు బదులు మెత్తటి ఉప్పు వాడితే అదే గ్లాసులో ఎక్కువ తూకం పడుతుంది, ఉప్పు ఎక్కువవుతుంది.

ఇంటి వంట, హాస్టలు వంట

అమ్మ పిడికిలి ఎందుకు తప్పదు? చేయి ఒకటే, కారం డబ్బా ఒకటే, తినేవాళ్ళు ఆ నలుగురే. హాస్టల్లో ఈ మూడూ మారతాయి. ఇద్దరి పిడికిళ్ళ మధ్య తేడా ఐదు గ్రాములే అనుకుందాం. ఇరవై పిడికిళ్ళు వేసేచోట అది 100 గ్రాములు అవుతుంది.

నీళ్ళ లెక్క కూడా ఇంటిది పనికిరాదు. పాత్ర ప్రతి వైపూ రెండింతలైతే అందులో పట్టేది ఎనిమిది రెట్లు పెరుగుతుంది, ఆవిరి పోయే పైభాగం మాత్రం నాలుగు రెట్లే. అంటే పెద్ద డేగిసాలో తలకు పోయే ఆవిరి తక్కువ. ఇంటి లెక్కనే నీళ్ళు పోస్తే పప్పు పలుచనై చప్పగా ఉంటుంది.

కాబట్టి మా సూచనలు ఇవి. సరుకును ముద్ర వేసిన కాటా మీద తూచాలి. తూచేటప్పుడు ఇద్దరు విద్యార్థులు దగ్గరుండి, తలకు ఎన్ని గ్రాములో, మొత్తం ఎంతో చూడాలి. ఇది ఎవరి మీదా అనుమానం కాదు. రేషను మన హక్కు, లెక్క చూడటం మన బాధ్యత. కొత్త కారం బస్తా విప్పిన రోజు మూడింట రెండు వంతులే వేసి, రుచి చూసి, మిగతాది కలపాలి. వేసిన కారాన్ని వెనక్కి తీయలేం. చిన్న తరగతుల పిల్లలకు కారం తక్కువగా వండి, పెద్దవాళ్ళకు పక్కన కారప్పొడి పెడితే రెండు వరుసల తగాదా తీరుతుంది.

అమ్మ పిడికిలిని రాసుకుందాం

హాస్టలు విడిచి గదుల్లో వండుకుంటున్న అన్నలకు, అక్కలకు ఒక మాట. అమ్మను ఫోనులో అడిగితే "చూసి వెయ్యి నాయనా" అంటుంది. ఎంత చూడాలో మనకు తెలియదు. ఈసారి ఇంటికి వెళ్ళినప్పుడు అమ్మ చేత పిడికెడు పప్పు, చిటికెడు ఉప్పు, కూరకు వేసేంత కారం మూడేసి సార్లు తీయించండి. కిరాణా కొట్టు కాటా మీద మూడూ కలిపి తూచి మూడుతో భాగించండి. చిటికెడు లాంటి చిన్న కొలతైతే పదిసార్లు తీసి పదితో భాగించండి. పక్కన మిరప రకం, ఎంతమందికి కూర అన్నది కూడా నోటుబుక్కులో రాసుకోండి.

మన ఇళ్ళలో చాలామంది అమ్మలకు రాయడం రాదు. వాళ్ళకు తెలిసిన వంట ఎక్కడా రాసి లేదు. చదువుకున్న మనం దాన్ని గ్రాముల్లో రాసి పెడితే, ఆ చేతి కొలత మన తర్వాతి వాళ్ళకూ అందుతుంది.